నేపాల్ షీటులో పదిహేడో పేరు

దుబాయ్ వెళ్ళకముందు నేను ఆరేళ్ళు నెల్లూరు నుంచి ఉదయగిరి తిరిగే ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేశాను. టికెట్ అడిగే గొంతు వింటే చాలు, ఆ మనిషి ఆత్మకూరులో దిగుతాడో, మర్రిపాడు దాకా వస్తాడో చెప్పేసేవాణ్ణి. ఊరి పేరు నోటెంట రాకముందే టికెట్ చింపి చేతిలో పెడితే జనం నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళు. నాకదొక సరదా. సరదా అంటే తక్కువ చేసి చెప్పినట్టవుతుంది, గర్వం. అందగాణ్ణి కాను, పెద్ద చదువు లేదు, ఇంట్లో ఆస్తి లేదు. దేవుడు నాకు చెవులిచ్చాడు, వాటితోనే బతికాను.

రెండు వేల రెండులో దుబాయ్ పక్కనే ఉన్న సజ్జా అనే చోటికి వచ్చి, అక్కడి సిమెంటు బ్లాకుల ఫ్యాక్టరీలో టైమ్‌కీపర్‌గా చేరాను. ఎవడు ఎన్నింటికి డ్యూటీ ఎక్కాడు, ఎన్నింటికి దిగాడు అని రాసే ఉద్యోగం. మా దగ్గర మస్టరు, అంటే హాజరు పట్టీ, దేశాల వారీగా ఉండేది. ఇండియా షీటు వేరు, పాకిస్తాన్ షీటు వేరు, బంగ్లాదేశ్, నేపాల్ షీట్లు వేరు. విమానం టికెట్లకీ, ఇన్సూరెన్సుకీ, క్యాంపులో ఏ గది ఇవ్వాలి, మెస్సులో ఎవరికి రొట్టె, ఎవరికి అన్నం అనేదానికీ అన్నిటికీ ఆ షీట్లే ఆధారం. రోజూ సాయంత్రం ప్రతి షీటు కిందా సంతకం పెట్టి, కంపెనీ సీలు గట్టిగా నొక్కి డ్రైవరు చేత హెడ్డాఫీసుకు పంపేవాణ్ణి. ఆ సీలు నా టేబుల్ సొరుగులో ఉండేది, తాళం నా జేబులో ఉండేది. చిన్న కలెక్టరులాగా ఫీలయ్యేవాణ్ణి, దాచుకోవడం దేనికి.

కొత్తగా వచ్చినవాళ్ళ చేత రెండు మాటలు మాట్లాడించి, పాస్‌పోర్టు తెరవకముందే వాళ్ళ జిల్లా చెప్పడం నా అలవాటు. ముదీర్ కూడా దీన్ని చూసి ముచ్చటపడేవాడు. ముదీర్ అంటే మా మేనేజరు, అరబ్బు. చుట్టాలెవరైనా ఆఫీసుకొస్తే నన్ను పిలిపించి, ఎవడో ఒక లేబర్‌ని నిలబెట్టి, వీడెక్కడివాడో చెప్పమనేవాడు. నేను చెప్పేవాణ్ణి, వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. మా గదిలో ఉండే కరీంనగర్ వెల్డర్‌కి మాత్రం ఇది అస్సలు గిట్టేది కాదు. సర్కస్‌లో కోతికి కూడా ఇంతకంటే మర్యాద ఉంటుందని మొహం మీదే అనేవాడు.

ఎవరి గురించి ఇదంతా చెబుతున్నానో అతను రెండు వేల నాలుగులో వచ్చాడు. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, సన్నగా, నల్లగా, మాట తక్కువ. ఇండియా పాస్‌పోర్టు, బీహార్ అడ్రసు. మంచినీళ్ళు ఎక్కడని హిందీలో అడిగాడు. అడిగిన తీరు వినగానే "దర్భంగా వైపా?" అన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "అవును భాయ్, అటువైపే" అన్నాడు. ఆ చూపు నాకు మెచ్చుకోలుగా కనిపించింది. ఆ రోజుల్లో నా వంక ఎవరెలా చూసినా నాకు మెచ్చుకోలుగానే కనిపించేది. అతన్ని ఇండియా షీటులో రాసి, బీహారీల గదిలో మంచం ఇప్పించాను.

బ్లాకులు పోసే మెషిన్ మీద వేశారు అతన్ని. పొద్దున పదింటికి టీ విరామంలో మేమిద్దరం టార్పాలిన్ పందిరి కింద కూర్చునేవాళ్ళం. నా ఫ్లాస్కులో టీ, అతని డబ్బాలో ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపిన అటుకులు. మా మాటలన్నీ హిందీలోనే సాగేవి, తెలుగులో రాస్తున్నది నేను. నేనే ఎక్కువ మాట్లాడేవాణ్ణి, అతను వినేవాడు. నాలుగేళ్ళలో అతని ఇంటి సంగతులు నాకు తెలిసింది ఎంతంటే, భార్య ఉంది, ఇద్దరు పిల్లలు, ఒక తమ్ముడు. అంతే. మంచి స్నేహితుడని చెప్పుకునేవాణ్ణి.

మా ఫ్యాక్టరీలో నేపాలీలు పదహారు మంది. అందరూ కొండ ప్రాంతాల వాళ్ళు. వాళ్ళకు పెద్ద మా క్రేన్ ఆపరేటర్. గొంతు పెద్దది, మనసు మంచిదే, నోటికి మాత్రం కళ్ళెం లేదు. బీహారీల వంక వేలు చూపించి వాళ్ళలో వాళ్ళు నేపాలీలో ఏదో అనుకుని పడీ పడీ నవ్వేవాళ్ళు. వాళ్ళ మాట నాకు సగమే అర్థమయ్యేది, "ధోతీ" అనే ముక్క మాత్రం తరచూ వినబడేది. నేపాల్‌లోనే దక్షిణపు మైదానంలో ఉండేవాళ్ళనీ, బీహారీలనీ కలిపి వాళ్ళు వెటకారంగా అనే మాటట అది. అలా నవ్వుతున్నప్పుడు అతను తన మెషిన్‌కి నూనె రాస్తూ ఉండేవాడు. ఒకసారి రాసిన చోటే మళ్ళీ మళ్ళీ రాసేవాడు. నేను చూశాను. చూసి కూడా, పనిమీద ఎంత శ్రద్ధో అనుకున్నాను.

రెండు వేల ఏడు మొదట్లో ఒకరోజు నా దగ్గరికొచ్చి, అర్జెంటుగా పదిహేను రోజులు ఇంటికి పోవాలి, సెలవు ఇప్పించమన్నాడు. కారణం అడిగితే చెప్పలేదు. ముదీర్ ఒప్పుకోలేదు, పని ఒత్తిడిగా ఉందన్నాడు. అతను రెండు రోజులు మెస్సుకు రాలేదు. ఎవరో పోయి ఉంటారనుకుని, ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పాను. అతను తల ఊపాడు. ఇప్పుడు తలచుకుంటే ఆ నాలుగు మాటలకీ సిగ్గుగా ఉంటుంది.

ఇక రెండు వేల ఎనిమిది. అంతకు రెండేళ్ళ ముందే నేపాల్‌లో జనం వీధుల్లోకి వచ్చి రాజును కూలదోసినంత పని చేశారు. ఎనిమిది ఎండాకాలంలో ఎన్నికలు పెట్టుకున్నారు, గెలిచినవాళ్ళంతా కూడి రాజరికం ఖలాస్ అని చెప్పేశారు. జూలైలో ఆ సభ్యులే ఓట్లేసి దేశానికి మొట్టమొదటి రాష్ట్రపతిని ఎన్నుకోవాలి. శనివారం ఓటింగులో ఎవరికీ సరిపడా ఓట్లు రాలేదు. సోమవారం మళ్ళీ పెట్టారు. మా నేపాలీలకు కాలు నిలవలేదు. జూలైలో మధ్యాహ్నం బయటి పని ఆపేస్తారు, మూడింటికి మళ్ళీ ఎక్కాలి. ఆ సోమవారం మూడింటి డ్యూటీ మానేసి మెస్సు హాల్లో టీవీ చూస్తామని, బదులుగా శుక్రవారం పని చేస్తామని క్రేన్ ఆపరేటర్ నా దగ్గరికొచ్చాడు.

నాకు నవ్వొచ్చింది. మా దేశానికి ఎంతోమంది రాష్ట్రపతులొచ్చారు, ఒక్కడి కోసమైనా మా ఊళ్ళో ఎవడైనా కూలి మానుకున్నాడా అని ఆటపట్టించాను. అతను నవ్వలేదు.

"మీకు పుట్టినప్పటి నుంచే ఉంది భాయ్, మీకేం తెలుస్తుంది" అన్నాడు. "మా నాన్న రాజుగారి ఫోటోకి దణ్ణం పెట్టకుండా దుకాణం తెరిచేవాడు కాదు. భక్తితో కాదు, భయంతో. ఇవాళ ఆ కుర్చీలో మాలాంటివాళ్ళు ఓటేస్తే వచ్చినవాడు కూర్చుంటాడు. కళ్ళతో చూడాలి."

ఆ మాట నన్ను తాకింది. ముదీర్‌తో మాట్లాడి ఒప్పించాను. ఆయన ఒకటే షరతు పెట్టాడు. ఆ రోజు మూడింటి నుంచి డ్యూటీకి రాని నేపాలీల పేర్లు వరసగా రాసి, సీలు వేసి హెడ్డాఫీసుకు పంపాలి.

సోమవారం మూడింటికి హాజరు రాసుకోవడానికి నేను కూడా మెస్సు హాలుకి వెళ్ళాను. డిష్‌లో నేపాలీ ఛానెల్ పెట్టుకుని పదహారు మందీ బెంచీల మీద కూర్చున్నారు. కూలర్ దగ్గర నిలబడి అతను, నా బీహారీ స్నేహితుడు, కనిపించాడు. మెషిన్ దగ్గర ఉండాల్సినవాడు ఇక్కడెందుకున్నాడా అనుకున్నాను. చల్లటి నీళ్ళకి వచ్చాడేమో, పోతాడులే అని ఊరుకున్నాను. అతను నీళ్ళు పట్టుకోలేదు. గోడకి ఆనుకుని గంటన్నర పైగా అలాగే నిలబడ్డాడు. నేను టీవీ చూడటం మానేసి అతన్నే చూస్తున్నాను.

ఫలితం చెప్పారు. మా కొండవాళ్ళలో చాలామంది పందెం కాసిన మనిషి ఓడిపోయాడు. అసలు నిలబడ్డవాళ్ళంతా దక్షిణపు మైదానం వాళ్ళేనని, ఎవరు గెలిచినా ఒకటేనని ఎవడో గొణిగాడు. హాలంతా చప్పబడిపోయింది. క్రేన్ ఆపరేటర్ లేచి టీవీ కట్టెయ్యడానికి స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఆపొద్దు దాయ్" అన్నారెవరో నేపాలీలో. దాయ్ అంటే అన్న. "గెలిచినాయన మాట్లాడతాడేమో, విననియ్యి. మావైపు మనిషి."

అన్నది అతను. నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడినట్టు తడబడి కాదు, గడగడా, చిన్నప్పటి నుంచి బళ్ళో చదువుకున్నవాడిలాగా. నా చేతిలో పెన్ను కింద పడింది. అది నిజంగా పడింది, దొర్లుకుంటూ బెంచీ కిందకి పోయింది, వంగి తీసుకోవాలని కూడా తోచలేదు. పదహారు తలలూ ఒక్కసారి అటు తిరిగాయి. నా తలలో ఏం తిరిగిందో నేను చెప్పలేను.

క్రేన్ ఆపరేటర్ స్విచ్ మీంచి చెయ్యి తీశాడు. "నీకు నేపాలీ వచ్చా?" అన్నాడు.

"నా దేశం భాష కదా దాయ్."

"అయితే ఇన్నాళ్ళూ మేం అనుకున్నవన్నీ..."

"విన్నాను" అన్నాడు అతను. కోపం లేదు ఆ గొంతులో. టీవీ వంక తిరిగి, గోడకి జారగిలబడి నేల మీద కూర్చుని ఏడ్చాడు. నాలుగేళ్ళలో అతను నవ్వడమే సరిగా చూడలేదు నేను, ఏడవడం చూశాను. ఎవరం దగ్గరికి పోలేకపోయాం.

తర్వాత మెస్సు వెనక వంటగిన్నెలు తోమే చోట ఇద్దరం కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు. అతని ఊరు సరిహద్దుకు అవతల, నేపాల్లోనే. తల్లి పుట్టిల్లు ఇవతల, దర్భంగా వైపు. రెండు పక్కలా ఒకటే భాష, ఒకటే పంటలు, పెళ్ళి సంబంధాలు అటూ ఇటూ సాగుతూనే ఉంటాయి. వాళ్ళ నాన్న పౌరసత్వం కాయితం కోసం జిల్లా ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాడు. మీ మొహం, మీ మాట ఇండియావి, అక్కడికే పోయి అడుక్కోండి అని తరిమేశారు. తండ్రికి కాయితం లేదు కాబట్టి కొడుక్కి రాలేదు. కాయితం లేకపోతే పాస్‌పోర్టు ఇవ్వరు. ఇల్లు గడవడం లేదు. మేనమామ అడ్రసు పెట్టి ఒక ఏజెంటు ఇండియా పాస్‌పోర్టు చేయించాడు. దానిమీదే దుబాయ్ వచ్చాడు.

నా చెవి తప్పు వినలేదన్నమాట. అది దర్భంగా మాటే. కాకపోతే ఆ మాట సరిహద్దు దగ్గర ఆగకుండా అవతలికి కూడా పోతుందని ఈ కండక్టరుకి తెలీదు.

"మరి పోయినేడాది సెలవు అడిగావు కదా" అన్నాను.

"అప్పుడే భాయ్. గవర్నమెంటు వాళ్ళు ఊరూరా తిరిగి కాయితాలిచ్చారు. ఎన్నో ఏళ్ళకి వచ్చారు. మనిషి ఎదురుగా ఉండాలన్నారు. నా భార్యకిచ్చారు, తమ్ముడికిచ్చారు, మా ముసలమ్మకి కూడా ఇచ్చారు." గిన్నెలు తోమిన నీళ్ళు కాలవలో పోతుంటే అటే చూస్తూ అన్నాడు. "మా ఇంట్లో అందరూ నేపాలీలే, నేను తప్ప."

ఎవరో పోయారనుకుని ఓదార్చానే, పోయింది అతనే.

ఈ సంగతి ఆఫీసుకు తెలిస్తే ఏమవుతుందో కూడా అతనే చెప్పాడు. దొంగ పాస్‌పోర్టు కింద ఇక్కడ జైలు. తర్వాత ఇండియా విమానం ఎక్కిస్తారు. అక్కడ దిగాక నువ్వెవడివి అంటే ఏం చెప్పాలి? నేపాల్‌కి పోతానంటే, ఆ దేశం వాణ్ణని చూపించడానికి చేతిలో ఏముంది? నోరు జారాను భాయ్, ఆ పదహారు మందికీ, నీకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు, అని నా చెయ్యి పట్టుకున్నాడు. నా ప్రాణం పోయినా బయటికి రాదన్నాను. ప్రాణం దాకా ఎందుకు, రెండు గంటలు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం షీట్లు రాయడానికి కూర్చున్నాను. చెప్పకుండా మెషిన్ వదిలిపోతే వార్నింగ్ లెటరు వస్తుంది. అతనికి అప్పటికే ఒకటి ఉంది. రెండోది వస్తే ఆ ఏడాది ఇంటికి పంపరు. నా చేతిలో సెలవు ఇచ్చిన నేపాలీల షీటు ఉంది. పదహారు పేర్లు రాశాను. పదిహేడో నంబరు వేసి అతని పేరు రాశాను.

ఎందుకు రాశానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. అతన్ని లెటరు నుంచి కాపాడదామని రాశాను, అది నిజం. కానీ మొత్తం నిజం అది కాదు. నా మస్టరులో నాలుగేళ్ళుగా ఒక మనిషి తప్పు షీటులో ఉన్నాడంటే నాకు ఒళ్ళు మండిపోయింది. దిద్దేదాకా చెయ్యి ఊరుకోలేదు. పేరు ఆ షీటులో పడగానే లెక్క సరిపోయినట్టు, హాయిగా అనిపించింది. సంతకం పెట్టి సీలు నొక్కాను. మామూలుగా కంటే కాస్త గట్టిగానే నొక్కినట్టున్నాను. డ్రైవరు తీసుకుపోయాడు. ఆ కాయితాన్ని హెడ్డాఫీసులో పాస్‌పోర్టులతో సరిచూస్తారనే ఇంగితం నాకు మర్నాడు గానీ రాలేదు. వచ్చాక అన్నం సయించలేదు.

మంగళవారం పొద్దున క్రేన్ ఆపరేటర్ అతని మెషిన్ దగ్గరికి టీ పట్టుకెళ్ళాడు. క్షమించమనే మాట అతని నోటికి రాలేదు, గ్లాసు మాత్రం రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు. మెస్సులో నేపాలీల బెంచీ మీద ఒకరు జరిగి చోటిచ్చారు. అతను కూర్చోలేదు, బీహారీల బెంచీకే వెళ్ళాడు, వెళ్తూ మాత్రం అటు చూసి చిన్నగా నవ్వాడు. నేను చేసిన ఘనకార్యం ఇంకా ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం ఒక్క కరీంనగర్ వెల్డర్‌కి చెప్పుకున్నాను, కడుపులో పెట్టుకోలేక.

"నువ్వు రాసినవా? నీ చేత్తో?" అన్నాడు వాడు. "అగో, నీ చెవులేమో తుప్పు వట్టినయ్, ఇంజనాయిల్ పోస్కుంటవ్. నీ చేతులకేం పోస్కుంటవ్ భాయ్?" అన్నాడు. వాడు ఆటపట్టించడం లేదు.

బుధవారం షీటు వెనక్కి వచ్చింది. పదిహేడో పేరు పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం గీసి ఉంది. ముదీర్ ముగ్గుర్ని పిలిచాడు. నన్ను, అతన్ని, నేపాలీల పెద్దగా క్రేన్ ఆపరేటర్‌ని. ఆఫీసు మెట్ల దగ్గర నేను అతనితో, అంతా నా మీద వేసుకుంటాను, నువ్వు ఇండియన్ అని ఒక్కమాట చెప్పు చాలు అన్నాను. నువ్వు రాశావా అని కూడా అతను అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

లోపల ఏసీ చలికి నా చెమటంతా గడ్డకట్టింది. ముదీర్ షీటు టేబుల్ మీద పెట్టి, పక్కన అతని పాస్‌పోర్టు తెరిచి పెట్టాడు. ఇది ఇండియా, ఇది నేపాల్, ఏది నిజమని నన్ను అడిగాడు.

"గల్తీ నాది ముదీర్" అన్నాను. "టీవీ దగ్గర కూర్చున్నాడు. మాట విని నేపాలీ అనుకున్నాను."

ముదీర్ నమ్మలేనట్టు చూశాడు. మంచినీళ్ళు అడిగితే జిల్లా చెప్పేవాడివి, దేశం తెలియలేదా అన్నాడు. తెలియలేదన్నాను. నెల్లూరు నుంచి మోసుకొచ్చిన నా గర్వాన్ని ఆ గదిలో ఆ పూట నా చేతులతో నేనే దించి పెట్టాను. దానికి నేను బాధపడలేదు. ఆ తర్వాత జరిగిందానికి పడ్డాను.

ముదీర్ క్రేన్ ఆపరేటర్ వంక తిరిగి, ఇతను మీవాడా అని అడిగాడు. క్రేన్ ఆపరేటర్ ఒక్క క్షణం ఆగాడు.

"మావాడెలా అవుతాడు సార్" అన్నాడు. నవ్వాడు కూడా. "మొహం చూడండి. ధోతీ. ఇండియావాడే."

ముందురోజే రెండు చేతులతో టీ ఇచ్చినవాడు, కాపాడటానికి ఆ మాటే వాడాడు. వేరే మాట వాడి ఉంటే ముదీర్ నమ్మేవాడో కాదో. నేను నేల వంక చూస్తూ నిలబడ్డాను. ఆఖరికి ముదీర్ అతన్నే అడిగాడు, అరబ్బీ హిందీ కలిపి. "ఇంతా హిందీ? నేపాలీ?" నువ్వు ఇండియావాడివా, నేపాలీవా అని. అరబ్బులకి హిందీ అంటే ఇండియావాడు.

అతను టేబుల్ మీది షీటు వంక చూశాడు. పాస్‌పోర్టు వంక కాదు, షీటు వంక. ఆ చూపు మరీ ఎక్కువసేపు ఉండిపోయింది, ఇప్పుడు నిజం చెప్పేస్తాడేమోనని నాకు భయం వేసింది.

"హిందీ, సార్" అన్నాడు.

ముదీర్ ఎర్ర పెన్ను నా ముందుకు తోశాడు. అతను చూస్తుండగా పదిహేడో పేరు మీద గీత కొట్టాను. మెషిన్ వదిలిపోయినందుకు వార్నింగ్ లెటరు ఇవ్వమని, కొత్త షీటు పదహారు పేర్లతో రాసి పంపమని, పాతది చింపెయ్యమని చెప్పి ముదీర్ మమ్మల్ని పంపేశాడు. బయటికొచ్చాక ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకోలేదు. క్రేన్ ఆపరేటర్ గబగబా క్రేన్ ఎక్కేశాడు.

నేను మాత్రం చింపడంతో ఊరుకోలేదు. చింపిన ముక్కలు ఎవడైనా అతికించి చూస్తేనో అని భయం. మెస్సు వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించి, షీటుని పటకారుతో పట్టుకుని మొత్తం కాల్చేశాను. సీలు ఉన్న మూల ఆఖరున అంటుకుంది. బూడిద కూడా సింకులో నీళ్ళు పోసి కడిగేశాను. ఇంత పకడ్బందీగా ఇంకెవడు చేస్తాడని, సిగ్గు లేకుండా, నన్ను నేనే మెచ్చుకున్నాను.

గురువారం పదింటికి టీ విరామంలో అతను పందిరి కిందికి వచ్చాడు. వస్తాడనుకోలేదు. డబ్బా తీశాడు, అటుకులు నా వైపు జరిపాడు. నేను టీ పోశాను. తప్పయింది భాయ్ అన్నాను. అతను అటుకుల్లోంచి మిరపకాయ ముక్క ఏరి పక్కన పెట్టాడు. టీ తాగడం అయ్యాక అడిగాడు.

"ఆ కాయితం ఉందా భాయ్? పాత షీటు?"

అతని భయం నాకు అర్థమైందనుకున్నాను. నువ్వేం బెంగ పెట్టుకోకు, ఆనవాలు కూడా లేకుండా కాల్చేశాను, బూడిద కూడా మిగల్చలేదని ధైర్యం చెప్పాను. ఆ మాట వినగానే అతని మొహం ఎలా అయిందో చూశాక, నేను ఏం చేశానో నాకు తెలిసింది.

"నాకిస్తావేమో అనుకున్నా" అన్నాడు.

గీత కొట్టేసిన కాయితం ఏం చేసుకుంటావని అడగబోయి ఆగిపోయాను. కావాలంటే ఇప్పుడే అలాంటిదే ఇంకోటి రాసిస్తాను, సీలు కూడా వేస్తాను అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియడం లేదు.

"వద్దు భాయ్" అన్నాడు. "అది ఆఫీసుకు పోయిన కాయితం. సీలు పడి పోయింది. ఇంకెక్కడా నా పేరు అలా లేదు."

సైరన్ మోగింది. డబ్బా మూత పెట్టి లేచాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "నేపాల్ కింద నాది ఎన్నో నంబరు భాయ్?" అని అడిగాడు.

"పదిహేడు" అన్నాను.

పదిహేడు, అని మెల్లగా నేపాలీలో అనుకుని, మెషిన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.